ముందు చిట్టా, తరువాత ఆవర్జా: డిగ్రీ తరగతికి స్ప్రెడ్‌షీట్ చెప్పే పద్ధతి

స్ప్రెడ్‌షీట్ (ఎక్సెల్ లాంటి గడుల లెక్కల పట్టిక) కోర్సు చెప్పమని కాలేజీలో ఎవరికైనా అప్పగిస్తే, వారు మొదటి రోజే తెర మీద మెనూలు వరుసగా చూపించడం మొదలుపెడతారు. ఇది హోమ్, ఇది ఇన్సర్ట్, ఇది పేజ్ లేఅవుట్. నెల తిరిగేసరికి పిల్లలకు శీర్షికలకు రంగులు వేయడం, సెల్స్ (గడులు) కలపడం, చుట్టూ గీతలు లాగడం చక్కగా వస్తాయి. తరగతి మార్కులు చేతికిచ్చి ఎంతమంది తప్పారో చెప్పమంటే మాత్రం తెర మీద వేలు పెట్టి లెక్కపెడతారు. ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో కామర్స్ పిల్లలకు ఈ కోర్సు చెబుతున్నదాన్ని. నా పద్ధతి వేరు. గుణుపూర్, రాయగడ, బరంపురం వైపు కాలేజీల్లో కొత్తగా ఈ పని నెత్తికెత్తుకున్నవారి కోసం రాస్తున్నాను.

ముందుగా తరగతి భాష సంగతి. మా పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదివారు. తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ తెలుగు అక్షరాలు రావు. గుమ్మ, నువాగడ వైపు నుంచి వచ్చే కొందరి ఇంటి భాష సవర. పాఠ్యపుస్తకం ఇంగ్లీషు. కాబట్టి తెలుగులో నోట్సు రాసి జిరాక్సులు పంచితే ఆ కాగితం పకోడీలకే పనికొస్తుంది. నోటితో తెలుగులోనూ ఒడియాలోనూ చెప్పండి, బోర్డు మీద ఫార్ములా పేరు మాత్రం ఇంగ్లీషులో రాయండి. సమ్, ఇఫ్, కౌంట్ అనేవి అందరికీ సమానంగా పరాయివే. ఆ ఒక్క చోట ఎవరూ ఎవరికంటే వెనకబడి ఉండరు.

మొదటి వారం కంప్యూటర్లు తెరవనివ్వకండి. ప్రతి విద్యార్థినీ ఇంటి నుంచి ఒక లెక్కల కాగితం తెమ్మనండి. రైసు మిల్లు తూకం చీటీ కావచ్చు, కిరాణా కొట్టు అరువు పుస్తకంలో పేజీ కావచ్చు, జీడిపిక్కల కొనుగోలు లెక్క కావచ్చు. పేర్లు మార్చి తెమ్మని ముందే చెప్పండి. మా దగ్గరకు ఎక్కువగా వచ్చేది అమ్మల మిషన్ శక్తి గ్రూపు (ఒడిశాలో మహిళా స్వయం సహాయక సంఘం) పొదుపు పుస్తకం. అది బంగారం లాంటి పాఠ్యాంశం, వదులుకోకండి. అందులో ఎడమ పక్కన సభ్యుల పేర్లు, పైన నెలల పేర్లు ఉంటాయి. ఒక గడిలో 200 అని ఉంటుంది. పక్క గడిలో 200+50 అని ఉంటుంది. ఆ 50 అప్పు వాయిదానో, ఆలస్య రుసుమో రాసినవారికే తెలియాలి. ఇంకో గడిలో ‘కోడలి చేత పంపింది’ అని ఉంటుంది. ఒక గడి ఖాళీ. కట్టలేదా, కట్టినా రాయలేదా?

ఇదే పేజీని ఇంకో రూపంలో రాయమనండి. ఒక్కో చెల్లింపుకు ఒక్కో వరుస. తేదీ, సభ్యురాలి నంబరు, దేని కింద, ఎంత, గమనిక. ‘దేని కింద’ అన్న చోట పొదుపు, వాయిదా, వడ్డీ, రుసుము అనే నాలుగు మాటలే రావాలి. 200+50 ఇప్పుడు రెండు వరుసలవుతుంది. కోడలు గమనికలోకి పోతుంది. పిల్లలు గొణుగుతారు: ఒక్క పేజీలో ఒదిగినది నాలుగు పేజీలవుతోందని. గొణగనివ్వండి.

కామర్స్ పిల్లలకు దీన్ని విప్పి చెప్పడానికి పాత దుకాణం పద్ధతి చాలు. జరిగినది జరిగినట్టు తేదీ వారీగా రాసేది చిట్టా. ఎవరి ఖాతాలో ఎంతుందో విడదీసి చూపేది ఆవర్జా. గ్రూపు పుస్తకంలో అమ్మలు నేరుగా ఆవర్జాయే రాస్తున్నారు. చేతిరాతలో అది తెలివైన పని, కాగితం కలిసొస్తుంది. కంప్యూటర్‌లో మాత్రం చిట్టా మనం రాయాలి, ఆవర్జా అది తీయాలి. ఆవర్జాను చేత్తో నింపిన ఫైలు నుంచి కొత్త ప్రశ్నకు జవాబు రాదు. చిట్టా ఉన్న ఫైలును రేపు ఏ ప్రశ్న అడిగినా చెబుతుంది.

రెండో వారం ల్యాబు తెరిచాక పెట్టవలసిన నిబంధనలు అన్నీ దీని నుంచే పుడతాయి. పైన ఒకే ఒక శీర్షికల వరుస. మధ్యలో ఖాళీ వరుసలు వద్దు, మధ్యలో మొత్తాలు అసలే వద్దు. సెల్స్ కలపడం నా తరగతిలో నిషేధం, ఎందుకంటే కలిపిన సెల్స్ ఉన్న పట్టికను వరుస మార్చబోతే (సార్ట్ చేయబోతే) ఎక్సెల్ మొండికేస్తుంది. రంగుతో సమాచారం చెప్పకూడదు. బాకీదారులను ఎర్రగా రంగు వేసి పెట్టే అలవాటు మన ఆఫీసుల్లో బలంగా ఉంది. మామూలు ఫార్ములాకు ఆ ఎరుపు కనిపించదు. ‘బాకీ’ అని ఒక కాలమ్ పెట్టి అవును, కాదు అని రాయించండి. ఆ తరువాత రంగు కావాలంటే వేసుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు.

ఇక్కడి నుంచి నెమ్మదిగా నడవండి. సెల్‌లో మనం టైపు చేసినది, యంత్రం దాచుకున్నది ఒకటి కాకపోవచ్చునన్న సంగతి మీద నేను మూడు వారాలైనా గడుపుతాను. మిగతా కోర్సు తొందరపడినా ఫర్వాలేదు, ఇది తొందరపడకూడదు.

మొదటి పరీక్ష కంటితోనే. ఏమీ సర్దకుండా వదిలేస్తే అంకెలు సెల్‌లో కుడివైపుకు, మాటలు ఎడమవైపుకు చేరతాయి. మార్కుల కాలమ్‌లో ఒక 62 ఎడమకు అతుక్కుని ఉంటే అది అంకె కాదు, అంకె వేషంలో ఉన్న మాట. సమ్ దాన్ని లెక్కలోకి తీసుకోదు, చెప్పనూ చెప్పదు. అందుకే అంకెలను మధ్యకు సర్దే సరదాను మొదట్లోనే మాన్పించాలి.

తరువాత రోల్ నంబరు 0417 టైపు చేయించండి, 417 అవుతుంది. పన్నెండు అంకెల ఆధార్ లాంటి నంబరు ఏదో ఒకటి కల్పించి వేయించండి (నిజమైనవి తరగతిలో వాడకండి). మధ్యలో చుక్క, ‘ఇ’ అక్షరం వచ్చి వింత రూపంలో కనిపిస్తుంది. కంగారు లేదు, లోపల అంకెలు భద్రంగానే ఉన్నాయి. ఇప్పుడు పదహారు అంకెలు వేయించండి, చివరి అంకె 8 ఉండేలా. ఆ 8 కాస్తా సున్నా అవుతుంది. ఎక్సెల్ పదిహేను అంకెల వరకే కచ్చితంగా దాచుకుంటుంది. ఆ కాలమ్‌ను టైపు చేయకముందే టెక్స్ట్‌గా మార్చి ఉంటే అది పోదు. పోయాక మార్చితే తిరిగి రాదు. కూడిక, గుణకారం చేయని అంకె ఏదైనా, అంటే రోల్ నంబరు, ఖాతా నంబరు, ఫోను నంబరు, అది పేరుతో సమానమని చెప్పండి.

తేదీల పాఠానికి ఉత్కళ దివసం తేదీ వాడతాను. 1936 ఏప్రిల్ 1, ఒడిశా వేరు రాష్ట్రమైన రోజు, పిల్లలకు కంఠతా వచ్చు. దాన్ని ఒక సెల్‌లో వేయించి, ఫార్మాట్‌ను నంబరుగా మార్చమంటే 13241 వస్తుంది. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకుని ఎక్సెల్ రోజులు లెక్కపెడుతూ వస్తుంది, అంతే. కింది సెల్‌లో గజపతి జిల్లా ఏర్పడిన తేదీ, 1992 అక్టోబర్ 2 వేయించి తీసివేత చేయిస్తే 20,638 రోజులు. తేదీ అనేది అంకె కాబట్టే తీసివేత సాధ్యమైందని అప్పుడు ఒప్పుకుంటారు. ఆ వెంటనే గిడుగు రామమూర్తి గారి పుట్టిన తేదీ, 1863 ఆగస్టు 29 వేయమనండి. మా ఊళ్లో పాఠాలు చెప్పిన మనిషి ఆయన. ఆ తేదీ ఎడమకు అతుక్కుని కూర్చుంటుంది. 1900కు ముందు కాలం ఎక్సెల్‌కు లేదు. అదే తేదీని లిబ్రె ఆఫీస్ కాల్క్ అనే ఉచిత స్ప్రెడ్‌షీట్‌లో వేస్తే తీసుకుంటుంది. ఎక్సెల్ లెక్కలో నిజానికి లేని రోజు ఒకటి కూడా ఉంది: 1900 ఫిబ్రవరి 29. అది లీపు సంవత్సరం కాకపోయినా, తనకు ముందున్న లోటస్ 1-2-3 అనే స్ప్రెడ్‌షీట్‌తో పొత్తు కుదరాలని ఎక్సెల్ ఆ దొంగ రోజును అలాగే మోస్తోంది.

దీనికంటే ప్రమాదకరమైనది నెల, రోజు తారుమారు కావడం. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే మీరు 5/4/2024 అని ఏప్రిల్ అయిదు వేస్తే అది మే నాలుగు అవుతుంది, చప్పుడు లేకుండా. 13/4/2024 వేస్తే పదమూడో నెల లేదు కాబట్టి మాటగా మిగిలి ఎడమకు పోతుంది. ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు కుడికి, కొన్ని ఎడమకు ఉంటే రోగం ఇదేనని తెలుసుకోవాలి. కుడికి ఉన్నవి బాగున్నాయని కాదు, అవే చెడిపోయినవి. విండోస్ సెట్టింగుల్లో ప్రాంతం ఇంగ్లీష్-ఇండియాకు మార్చితే ఇది తీరుతుంది, లక్షలు కోట్ల కామాలూ సరైన చోట పడతాయి. సెమిస్టర్ మొదట్లోనే ల్యాబు అంతా తిరిగి మార్చుకోండి.

పాత రిజిస్టర్ల నుంచి ఎక్కించేటప్పుడు మన వైపు ఇంకో చిక్కు. పెద్దతరం గుమాస్తాలు ఒడియా అంకెల్లో రాస్తారు. ఒడియా నాలుగు, ఇంగ్లీషు ఎనిమిదిలా ఉంటుంది. ఒకరు చదివి ఒకరు టైపు చేసే పద్ధతి పెట్టండి, చదివేది ఒడియా బడిలో చదివినవారై ఉండాలి. ఇద్దరికి ఒక కంప్యూటరే ఉన్న ల్యాబులో ఇది కలిసొచ్చే విషయం. కీబోర్డు మాత్రం ఎప్పుడూ తక్కువ తెలిసినవారి చేతిలోనే.

పేర్ల సంగతి మరీ ఘోరం. మా ఊరి పేరునే ఇంగ్లీషులో మూడు నాలుగు రకాలుగా రాస్తారు, అన్నీ బోర్డుల మీద ఉన్నవే. కౌంటిఫ్‌తో మా ఊరి పిల్లలెందరని అడిగితే ఒక స్పెల్లింగు వారినే లెక్కపెట్టి ఊరుకుంటుంది. చివర కనిపించని ఖాళీ ఒకటి ఉన్నా అంతే. దానికి ట్రిమ్ ఉంది. స్పెల్లింగు తేడాలకు మందు డేటా వాలిడేషన్: ఊళ్ల జాబితా ఒక చోట పెట్టి, టైపు చేయకుండా ఎంచుకునేలా చేయడం. అయినా పేరును నమ్మకండి. రాయగడ పక్క జిల్లా, రాయగడ మా గజపతి జిల్లాలో ఒక బ్లాకు కూడా. ఉదయగిరి అంటే ఆర్. ఉదయగిరా, కంధమాల్‌లోని జి. ఉదయగిరా? ప్రతి దానికీ ఒక నంబరు ఉండాలి. గ్రూపు పుస్తకంలో సభ్యురాలి పేరు బదులు నంబరు రాయించినది ఇందుకే.

ఇంత అయ్యాక ఫార్ములాలు. సమ్, యావరేజ్, మాక్స్ ఒక పూటలో అయిపోతాయి. కౌంట్ అంకెలను మాత్రమే లెక్కపెడుతుందని, కౌంట్-ఎ ఖాళీ కాని ప్రతి సెల్‌నూ లెక్కపెడుతుందని చెప్పి, పరీక్షకు రానివారి దగ్గర సున్నా వేస్తే సగటు ఎలా పడిపోతుందో, ఏబీ అని వేస్తే ఎలా నిలుస్తుందో చూపించండి. ఏది సరైనదో యంత్రం చెప్పదు. అది ప్రిన్సిపాల్ చెప్పాలి.

ఫార్ములా చూసే సెల్‌ను కదలకుండా నిలిపే డాలర్ గుర్తు దగ్గర ఆగండి. సగం తరగతి ఇక్కడే తప్పిపోతుంది. కంప్యూటర్ పక్కన పెట్టి బోర్డు మీద చెప్పండి. రైతు, క్వింటాళ్లు, మొత్తం అని మూడు కాలమ్‌లు గీసి, పైన ఒక మూల ధాన్యం ధర 2,300 రాయండి, 2024-25లో సాధారణ రకానికి కేంద్రం ఇచ్చిన మద్దతు ధర. 38 క్వింటాళ్ల రైతుకు 87,400. పదిమంది రైతులకూ చేతితో కట్టించండి. కట్టడం పూర్తవుతూండగానే ధర చెరిపి 2,369 రాయండి, మరుసటి ఏడాది ధర అది. పిల్లల ముఖాలు చూడవలసిందే. 38 క్వింటాళ్లు ఇప్పుడు 90,022. పర్సనల్ కంప్యూటర్ల మొదటి స్ప్రెడ్‌షీట్ విజికాల్క్ 1979లో వచ్చినదీ ఇలాంటి అవస్థ నుంచే. హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుతున్న డాన్ బ్రిక్లిన్, బోర్డు మీద ఒక అంకె మారితే వరసపెట్టి అన్నీ చెరిపి రాయవలసి రావడం చూసి ఆ ఆలోచన చేశాడు.

ఇప్పుడు తెర మీద అదే చేయించండి. మొదటి రైతు మొత్తం సరిగ్గా వస్తుంది, కిందికి లాగగానే మిగతా అందరికీ సున్నా. ఫార్ములా ఒక మెట్టు దిగినప్పుడు ధర కోసం చూసే చూపు కూడా ఒక మెట్టు దిగింది, అక్కడ ఖాళీ సెల్ ఉంది. ధర సెల్ పేరు మీద కర్సరు పెట్టి ఎఫ్4 నొక్కితే రెండు డాలర్లు పడి చూపు అక్కడే నిలుస్తుంది. 2024-25లో ఒడిశా ప్రభుత్వం క్వింటాలుకు అదనంగా ఇచ్చిన 800ను ఇంకో సెల్‌లో పెట్టి, దానికి ఇంకో కాలమ్‌ను పిల్లలనే కట్టమనండి. ధరను ఫార్ములా లోపల ఎవరైనా నేరుగా టైపు చేస్తే మార్కులు కోయండి.

ఆంధ్రలోని పాతపట్నం వైపు ఇంటర్ చదివి వచ్చి చేరిన పిల్లల మార్కులు వెయ్యికి, ఇక్కడ ప్లస్ టూ చదివినవారివి ఆరువందలకు. ప్రవేశాల జాబితాను మొత్తం మార్కుల ప్రకారం వరుస పెట్టిస్తే 700 వచ్చిన అమ్మాయి 450 వచ్చిన అబ్బాయి పైన నిలబడుతుంది, నిజానికి ఆమెది 70 శాతం, అతనిది 75. గరిష్ఠ మార్కులకు ఒక కాలమ్, శాతానికి ఒక కాలమ్ కావాలని వాళ్ల నోటి నుంచే రానివ్వండి. వరుస మార్చేముందు పట్టిక మొత్తం ఎంచుకోవాలి. ఒక్క కాలమే మార్చితే ఒకరి మార్కులు ఒకరికి పోతాయి.

ఒక విలువ ఇస్తే పట్టికలో దాని పక్కనున్నది తెచ్చే ఫార్ములా వి-లుకప్. అది చెప్పేటప్పుడు నాలుగో భాగాన్ని వదిలేసేవారే ఎక్కువ. వదిలేస్తే అది దగ్గరి విలువ వెతుకుతుంది, జాబితా వరుసలో లేకపోతే తప్పు జవాబును ధైర్యంగా చెబుతుంది. సభ్యురాలి నంబరు ఇచ్చి పేరు తెచ్చుకునేటప్పుడు అక్కడ సున్నా వేయాలి. మార్కులను బట్టి గ్రేడు వేసేటప్పుడు మాత్రం దగ్గరి విలువే కావాలి, గ్రేడ్ల పట్టిక చిన్నది పైన, పెద్దది కింద ఉండాలి. రెండూ ఒకే పూట చెప్పకండి. 2021, ఆ తరువాతి ఎక్సెల్‌లో ఎక్స్‌లుకప్ ఉంది, అది మేలు. ల్యాబులో పాతది ఉంటే గొడవ లేదు, వి-లుకప్పే చెప్పండి.

ఇఫ్ లోపల ఇఫ్ లోపల ఇఫ్ రాయించే పుస్తకాలున్నాయి. రెండు దాటితే గ్రేడ్ల పట్టిక పెట్టుకోమనండి. చార్టులు ఒక్క పూట చాలు.

చిట్టా నుంచి మొత్తాలను పట్టికగా తీసే పివట్ టేబుల్‌తో ఆవర్జా వచ్చేసింది. గ్రూపు చిట్టాను పెట్టి, సభ్యురాలి నంబరును వరుసల్లోకి, నెలను కాలమ్‌లలోకి, ‘ఎంత’ను మధ్యలోకి లాగితే, అమ్మ పుస్తకంలో ఉన్న పేజీయే తెర మీద నిలబడుతుంది. నాలుగు పేజీల చిట్టా ఎందుకు రాయించానో ఆ రోజు ఎవరికీ చెప్పనక్కరలేదు. నెలను తీసి ‘దేని కింద’ను లాగమనండి, వడ్డీ ఎంత వచ్చిందో వేరుగా తెలుస్తుంది, పుస్తకంలో అది లేనే లేదు. ఒక్క హెచ్చరిక: చిట్టాలో కొత్త వరుస రాస్తే పివట్ దానంతట అది మారదు, రిఫ్రెష్ నొక్కాలి. చిట్టాను ముందే కంట్రోల్-టితో టేబుల్‌గా మార్చి ఉంచితే కొత్త వరుసలను అది తనలో కలుపుకుంటుంది.

మా మామగారు రైసు మిల్లులో గుమాస్తాగా చేశారు. కంప్యూటర్ బిల్లు చేతికిస్తే ఇప్పటికీ పెన్సిలుతో కూడి చూస్తారు. నవ్వే పిల్లలకు నేను ఆ పనే నేర్పుతాను. కాగితం మీద చివరి మొత్తం ఎంతో, వరుసలెన్నో ముందు రాసుకోవాలి, ఎక్కించాక రెండూ సరిపోవాలి. 2020లో ఇంగ్లండులో 15,841 కోవిడ్ కేసులు లెక్కల్లో ఆలస్యంగా బయటపడ్డాయి. పాత ఎక్సెల్ ఫైలు రకంలో 65,536 వరుసలకు మించి పట్టవు, మిగిలినవి రాలిపోయాయి. కొత్త రకంలో 10,48,576 పడతాయి. మన పిల్లల ఫైలు అంత పెరగదు, కానీ వరుసలు లెక్కపెట్టే అలవాటు ఆ రోజు అక్కడ ఉంటే సరిపోయేది.

కరెంటు గురించి వేరుగా చెప్పాలా? ప్రతి పది నిమిషాలకు ఎక్సెల్ కోలుకోవడానికి ఒక నకలు దాచుకుంటుంది, ఆ పది నిమిషాల్లోనే పోతుంది కరెంటు. కంట్రోల్-ఎస్ వేలికి అలవాటు కావాలి. ఇంటి దగ్గర సాధనకు లిబ్రె ఆఫీస్ ఉచితం. ఫోనే ఉన్నవారికి గూగుల్ షీట్స్ చిట్టా రాయడానికి బాగుంటుంది, పివట్‌కు మాత్రం ల్యాబుకే రావాలి.

పరీక్షలో నిర్వచనాలు అడగకండి. ఒక చెడిన ఫైలు ఇవ్వండి: కొన్ని తేదీలు ఎడమకు, ఒక ఊరికి మూడు స్పెల్లింగులు, మధ్యలో రెండు మొత్తాలు, ఒక కలిపిన శీర్షిక. శుభ్రం చేసి మూడు ప్రశ్నలకు జవాబు చెప్పమనండి. సగం మార్కులు శుభ్రానికే. మిగతా సగానికి ప్రాజెక్టు, ఎవరి ఇంటి కాగితం వారిది; అప్పుడు ఒకరి ఫైలు ఒకరు కాపీ చేసుకునే అవకాశమే ఉండదు. అచ్చు తీసేటప్పుడు శీర్షికల వరుస ప్రతి పేజీ మీదా రావాలి, వెడల్పు ఒక పేజీలో ఇమడాలి. పేజ్ లేఅవుట్‌ను నేను చూపించేది ఆ రోజే. చివరన మార్కులు పైకి పంపడానికి మీకొక నమూనా ఫైలు వస్తుంది. దానిలో సెల్స్ కలిపి ఉంటాయి, మధ్యలో మొత్తాలుంటాయి, ఫెయిలైనవారు ఎర్రగా ఉండాలంటారు. మీ చిట్టా మీ దగ్గర ఉంచుకుని, వాళ్లు అడిగినట్టే నింపి పంపండి. వాదనకు దిగితే పిల్లల ఫలితాలు ఆలస్యమవుతాయి.